సిజేరియన్ అయింది, డబ్బాపాలు పట్టాను... నా పాప మెదడు ఎదుగుదలకి టైం దాటిపోయిందా?

పేరు వద్దన్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, చాలా పెద్దది కాబట్టి కుదించి చెప్తున్నా. ఉండేది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి కాన్పు, ఆడపిల్ల, ఇప్పుడు ఏడు నెలలు. నొప్పులు వస్తుండగా బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని సిజేరియన్ చేశారు. పాలు పడేసరికి నాలుగో రోజైంది, ఈలోపే ఆస్పత్రిలో డబ్బాపాలు మొదలయ్యాయి, ఇంటికొచ్చాక కూడా సగం తన పాలు సగం డబ్బా నడిచాయి. సెలవు అయిపోయి ఆరున్నర నెలలకి ఆఫీసుకి వెళ్ళింది, పాపని చూసుకోవడానికి జనగామ దగ్గర ఊరి నుంచి అత్తగారు వచ్చారు.

గొడవ అక్కడ్నుంచే. మాటలు తొందరగా వస్తాయని ఆవిడ తేనెలో వస కొమ్ము అరగదీసి నాకిస్తున్నారు. తిండి అంటే పప్పుకట్టు, గంజి. డబ్బాపాలు వేడి చేస్తాయని ఒక స్కూప్ తగ్గించి కలుపుతున్నారు, ఏడో నెల వచ్చింది కదా ఇక ఆవుపాలు పట్టొచ్చు అంటున్నారు. భర్తేమో ఫోన్‌లో వీడియోలు చూసి, సిజేరియన్ పిల్లలకి పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఉండదు, పేగు బాగోకపోతే మెదడు బాగోదు అని, వేలు పోసి పాప మలం టెస్ట్ చేయించే కిట్ ఒకటి, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ చుక్కలు తెప్పిద్దాం అంటున్నాడు. "మా వాడు మొత్తం నా పాల మీదే పెరిగాడు, అందుకే అంత చురుకు" అని తోడికోడలు అందరి ముందు అనేసిందట. తిండి మొదలెట్టాక పాపకి మోషన్ గట్టిగా అవుతోంది. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 6.9. ఆఖర్న రాసిన మాట ఇది: "రాత్రి పాపని చూస్తూ నేనే దాన్ని పాడుచేశానేమో అని ఏడుస్తున్నాను, ఉద్యోగం మానేస్తే సరిచేయగలనా?"

అమ్మా,

ముందు బరువు సంగతి చెప్తా, ఎందుకంటే నువ్వు ఉత్తరంలో ఒక్క లైన్లో రాసి వదిలేశావు, నాకు మాత్రం అందులో అదే పెద్ద విషయం. ఏడు నెలల ఆడపిల్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 6 కిలోల నుంచి 9.8 కిలోల దాకా మామూలే, నీ పాప ఆ లోపలే ఉంది, పుట్టిన బరువుకి రెట్టింపు దాటింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి తిండి అందింది. అందించింది నువ్వే, రెండు రకాల పాలతో అయినా.

ఇక సిజేరియన్. గుండె చప్పుడు తగ్గుతున్న బిడ్డని టైంకి బయటికి తీశారు, ఆక్సిజన్ అందకపోతే మెదడుకి జరిగే నష్టం ముందు ఈ బ్యాక్టీరియా లెక్క చాలా చిన్నది. ఆ రోజు నీ ముందు రెండు దారులు లేవు. ఇంకోటి, నువ్వు ఒంటరివి కూడా కాదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2019-21 లెక్క చూస్తే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అందరికంటే ఎక్కువ. అవసరం లేకుండా జరిగేవి అందులో చాలా ఉన్నాయి, దాని మీద మనం గట్టిగా మాట్లాడాలి, కానీ నీది ఆ లిస్టులోది కాదు.

మీ ఆయన చూసిన వీడియోలో మొత్తం అబద్ధం ఏమీ లేదు, సగం నిజం ఉంది, అందుకే అంత భయం వేస్తుంది. మామూలు కాన్పులో బిడ్డకి తల్లి పేగుల్లో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా అంటుకుంటుంది, సిజేరియన్ పిల్లల్లో బాక్టీరాయిడెస్ అనే రకం మొదటి నెలల్లో తక్కువగా కనపడుతుంది, ఇది చాలా దేశాల్లో చూశారు. వీడియోలో చెప్పనిది ఏంటంటే ఆ తేడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. పేగుల్లో ఈ సూక్ష్మజీవుల ప్రపంచం పెద్దవాళ్ళ లాగా కుదురుకోడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది, ఆ మూడేళ్ళూ పిల్ల ఏం తింటుందో దాన్ని బట్టే అది మారుతుంటుంది. మీ పాప వయసు ఏడు నెలలు. మెదడు కూడా అంతే, రెండేళ్ళకి పెద్దవాళ్ళ మెదడు సైజులో సుమారు 80 శాతానికి వస్తుంది, అంటే ఇప్పుడు సరిగ్గా ఆ పరుగు మధ్యలో ఉన్నాం. టైం దాటిపోలేదు తల్లీ.

నీ పాల గురించి. తల్లిపాలలో లాక్టోజ్ అనే పాల చక్కెర, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఇంకో రకం చక్కెరలు, విచిత్రం ఏంటంటే వాటిని బిడ్డ అరిగించుకోలేదు, అవి పెద్దపేగు దాకా అలాగే వెళ్ళి అక్కడ బిఫిడో అనే మంచి బ్యాక్టీరియాకి ఆహారం అవుతాయి. బిడ్డకి మాత్రమే కాదు, బిడ్డ పేగులో ఉన్నవాటికి కూడా తల్లి వండి పెట్టినట్టు. నువ్వు సగం పాలు ఇచ్చినా ఆ చక్కెరలు వెళ్ళాయి, ఇప్పుడు పొద్దున ఒకసారి రాత్రి రెండుసార్లు ఇస్తున్నా వెళ్తున్నాయి. సగం ఇస్తే లెక్కలోకి రాదు అని ఎవరన్నా నమ్మకు.

తోడికోడలి మాటకి కూడా ఒక సమాధానం ఉంది, ఆవిడకి చెప్పక్కర్లేదు, నీ కోసమే. బెలారస్‌లో 1996, 97 లో 17 వేలకు పైగా పిల్లల మీద పెద్ద ప్రయోగం చేశారు, కొన్ని ఆస్పత్రుల్లో తల్లులకి పాలివ్వడంలో బాగా సాయం చేశారు, మిగతా చోట్ల మామూలుగా వదిలేశారు. ఆరున్నరేళ్ళప్పుడు చూస్తే సాయం అందిన వైపు పిల్లలు ఐక్యూ పరీక్షల్లో, ముఖ్యంగా మాటలకి సంబంధించినవాటిలో ముందున్నారు. అదే పిల్లల్ని 16 ఏళ్ళప్పుడు మళ్ళీ చూస్తే ఆ తేడా చాలావరకు సమసిపోయింది, మాటల విషయంలో కొద్దిగా మిగిలిందంతే. తల్లిపాలు గొప్పవి, జబ్బుల నుంచి కాపాడతాయి, కుదిరినంతా ఇవ్వాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక మనిషి తెలివి మొదటి నెలల పాలతోనే తేలిపోదు.

ఇప్పుడు ఆ టెస్ట్ కిట్. చేయించాలనుకుంటే చేయించొచ్చు, పాపకి హాని లేదు, డబ్బు పోతుంది. ఏం జరుగుతుందో ముందే చెప్తా: రంగు రంగుల రిపోర్ట్ వస్తుంది, ఏదో ఒక బ్యాక్టీరియా తక్కువ అని ఉంటుంది, ఏడు నెలల పిల్లకి ఏది ఎంత ఉంటే నార్మల్ అని ఒప్పుకున్న కొలత ఇంకా లేదు, కాబట్టి దాన్ని బట్టి మీ పిల్లల డాక్టర్ చేయగలిగింది ఏమీ ఉండదు, నీకు ఇంకో ఏడుపు మిగులుతుంది. చుక్కల సంగతి కొంచెం వేరు. ఒడిశాలో 4,500 మందికి పైగా నవజాత శిశువులకి లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేకమైన రకాన్ని, దానికి ఆహారమయ్యే పీచుతో కలిపి పుట్టిన మొదటి రోజుల్లో వారం పాటు ఇచ్చారు, సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ సుమారు 40 శాతం తగ్గింది, 2017 లో నేచర్ పత్రికలో వచ్చింది. గొప్ప ఫలితమే. కానీ అది అప్పుడే పుట్టిన పిల్లలకి, ఒక్క రకంతో, ఇన్ఫెక్షన్ గురించి. ఏడు నెలల ఆరోగ్యమైన పిల్లకి షాపులో దొరికే చుక్కలేస్తే మెదడు బాగా ఎదుగుతుందని ఎవరూ నిరూపించలేదు. పేగుకీ మెదడుకీ సంబంధం ఉన్నమాట నిజమే, నరాల ద్వారా, బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాల ద్వారా, అయితే అందులో మనకి తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం ఎలుకల మీద చేసిన పరిశోధనే.

మీ ఆయనకి పాప మెదడు మీద అంత శ్రద్ధ ఉంటే, ఆ డబ్బులో చిన్న ముక్కతో చేయాల్సిన పని ఇంకోటుంది, ఐరన్. నీ ఉత్తరంలో బ్యాక్టీరియా గురించి పది చోట్ల ఉంది, ఐరన్ అనే మాట ఒక్కసారి కూడా లేదు, నాకు దిగులేసింది అక్కడే. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఉండే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది గానీ ఉండేదే చాలా తక్కువ. ఆ తర్వాత తిండిలోంచే రావాలి. నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఏర్పడటానికి, జ్ఞాపకం పెట్టుకునే భాగం ఎదగడానికి ఐరన్ కావాలి. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు ఉన్నదాన్ని ముందు రక్తమే లాగేసుకుంటుంది, మెదడు వంతు తర్వాత, అంటే హిమోగ్లోబిన్ బాగానే కనపడుతున్నా లోపల మెదడుకి తగ్గుతూ ఉండొచ్చు. కోస్టారికాలో పసితనంలో చాలాకాలం ఐరన్ తగ్గిపోయిన పిల్లల్ని 19 ఏళ్ళ దాకా గమనించారు, చిన్నప్పుడే మందు ఇచ్చినా తర్వాత పరీక్షల్లో మిగతావాళ్ళకంటే వెనకే ఉన్నారు. నిన్ను భయపెట్టడానికి కాదు ఇది, నీ పాప సగం డబ్బాపాలు తాగింది కాబట్టి, ఆ పాలలో ఐరన్ కలుపుతారు కాబట్టి, నిజానికి కొంత రక్షణ ఉంది. కాకపోతే మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్తోంది, అందుకే ప్రభుత్వం ఈ వయసు పిల్లలకి వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఇవ్వాలని పెట్టింది, అంగన్‌వాడీ, ఆశా వర్కర్ల ద్వారా ఇస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి పాపకి సిరప్ మొదలెట్టాలా, ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడాలా అని అడుగు. సొంతంగా కొని పొయ్యొద్దు, ఐరన్ డోసు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. రోజూ వేసే విటమిన్ డి చుక్కలు, 400 యూనిట్లు, మానేసి ఉంటే అదీ అడుగు.

తిండి విషయంలో మీ అత్తగారు చేస్తున్నది చాలావరకు సరైన దారిలోనే ఉంది, పల్చగా ఉంది అంతే తేడా. పప్పుకట్టు అంటే పప్పు మీద తేలిన నీళ్ళు, అసలు పప్పు గిన్నెలోనే ఉండిపోయింది. పాప పొట్ట చిన్నది, నీళ్ళతో నిండిపోతే ఇంకేం పట్టదు. చెంచాతో తీసి వంచి చూడు, జారి కారిపోతే పల్చన, చెంచాకి అంటుకుని నెమ్మదిగా పడితే సరిపోయింది. బియ్యం మూడు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు, దోరగా వేయించి రవ్వలా పట్టించి చేసే ఉగ్గు మీ అత్తగారికి నీకంటే నాకంటే బాగా వచ్చు, ఆవిడ్నే చేయమను. అందులో మెత్తగా పొడిచేసిన పల్లీలు ఒక చెంచా, ఒక చెంచా నెయ్యి, ఉడికించి మెదిపిన తోటకూరో మునగాకో, దించాక రెండు చుక్కలు నిమ్మరసం, ఆ పులుపు ఆకుకూరల్లో పప్పుల్లో ఉన్న ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. ఉప్పు ఏడాది దాకా, పంచదార రెండేళ్ళ దాకా వద్దు. మీరు నాన్‌వెజ్ తినేవాళ్ళు అని రాశావు, మరి గుడ్డు ఎందుకు ఆపారు? బాగా ఉడికించి సొన తెల్ల రెండూ మెదిపి పెట్టొచ్చు. చికెన్ లివర్ వారానికి ఒకసారి చిన్న ముక్క ఉడికించి కలిపితే ఐరన్ అంత సులభంగా ఇంకెందులోనూ రాదు. రోజుకి రెండు మూడుసార్లు, చిన్న కప్పులో సగం దాకా మెల్లగా పెంచుకుంటూ వెళ్ళండి, తొమ్మిదో నెలకి మూడు నాలుగుసార్లు.

పల్లీలంటే దగ్గొస్తుందని, పడవని ఆవిడ అంటారేమో. లండన్‌లో అలర్జీ వచ్చే అవకాశం బాగా ఉన్న పిల్లలకి ఏడాది లోపే పల్లీ తినిపించడం మొదలెట్టి చూశారు, ఐదేళ్ళకి పల్లీ అలర్జీ 81 శాతం తగ్గింది, 2015 నాటి మాట. పాపకి ఒంటి మీద గట్టి ఎగ్జిమా (ఎర్రగా, దురదగా ఉండే చర్మ సమస్య) ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి, గింజలు గింజలుగా ఎప్పుడూ పెట్టకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

ఇంకో సంగతి చెప్తే మీ ఆయనకి నచ్చుతుంది. పేగు బ్యాక్టీరియాని తిండితోనే బాగుచేయొచ్చా అని బంగ్లాదేశ్‌లో ఢాకాలో, బరువు తక్కువున్న 12 నుంచి 18 నెలల పిల్లల మీద చూశారు. వాళ్ళు పెట్టింది ఏంటో తెలుసా, శెనగపిండి, పల్లీ పిండి, సోయా పిండి, పచ్చి అరటికాయ. మామూలుగా ఇచ్చే పౌష్టికాహార పేస్టులో దీనికంటే క్యాలరీలు ఎక్కువే, అయినా దీంతోనే పిల్లలు బాగా పెరిగారు, 2021 లో ఆ ఫలితం వచ్చింది. మీ పాప వాళ్ళంత నీరసంగా లేదు, అదే ఫలితం వస్తుందని నేను అనను. కానీ పేగుకి మేలు చేసే సరుకు మీ వంటింటి డబ్బాల్లో ఇప్పటికే ఉందని మాత్రం చెప్పగలను. ఇంట్లో తోడేసిన పెరుగు ఒకటి రెండు చెంచాలు కూడా పెట్టొచ్చు.

ఆపాల్సినవి మూడే. తేనె, ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, అందులో ఉండగల, కండరాల్ని పట్టు వదిలేసేలా చేసే బొటులిజం జబ్బు బీజాలు పసిపిల్లల పేగులో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కాచినా చావవు. వస కూడా వద్దు, వాంతులు తెప్పిస్తుంది, అందులోని ఒక పదార్థం జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికాలో 1968 లోనే ఆహారంలో వాడకం నిషేధించారు. రెండోది ఆ స్కూప్ తగ్గించడం, మన దగ్గర చాలా డబ్బాలకి 30 మిల్లీలీటర్ల నీళ్ళకి ఒక స్కూప్, నాలుగు వేయాల్సిన చోట మూడేస్తే పాప పొట్ట నిండుతుంది గానీ శక్తి నాలుగో వంతు పోయింది, నేను చెప్పిన ఐరన్ కూడా నాలుగో వంతు పోయింది. మూడోది ఆవుపాలు సీసాతో పట్టడం, ఏడాది దాటేదాకా వద్దు, వాటిలో ఐరన్ దాదాపు లేదు, పైగా కొందరు పిల్లల్లో పేగుల్లోంచి కంటికి కనపడనంత రక్తం పోయేలా చేస్తాయి.

మీ అత్తగారికి ఇవన్నీ ఎవరు చెప్పాలి అనేది నీ అసలు ప్రశ్న అని నాకు తెలుసు. నువ్వు చెప్తే, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి చెప్పే మాటకి గొంతు పెరుగుతుంది, ఆవిడకి "నా పెంపకంలో తప్పు పడుతోంది" అనిపిస్తుంది, పాపని పట్టుకునే మనిషే ముభావం అయిపోతారు. మీ ఆయన చెప్తే ఆవిడ వింటారేమో గానీ నువ్వే చెప్పించావని అనుకోవచ్చు. నాకైతే మూడో దారి మెరుగు అనిపిస్తుంది, వచ్చే టీకాకి పాపని తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ్ని కూడా తీసుకెళ్ళు, తేనె గురించి వస గురించి డాక్టర్‌ని ఆవిడ ముందే అడుగు. కాకపోతే టీకా దాకా ఆగితే ఈలోపు తేనె నడుస్తుంటుంది, కాబట్టి ఆ ఒక్కటి మాత్రం ఇవాళే మీ ఆయన చేత చెప్పించు, మిగతావి ఆగుతాయి.

ఆవిడ్ని దూరం చేసుకోవద్దని ఎందుకంటున్నానంటే, మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 60 పల్లెల్లో ఒక పని చేశారు, 2013 లో ప్రచురించారు. కొన్ని ఊళ్ళలో తల్లులకి ఏం పెట్టాలో నేర్పారు, కొన్ని ఊళ్ళలో దాంతోపాటు ఎలా పెట్టాలో నేర్పారు, అంటే పిల్ల మొహం చూస్తూ, కబుర్లు చెప్తూ, నోరు తిప్పుకుంటే బలవంతం చేయకుండా, తర్వాత కాసేపు ఆడిస్తూ. మెదడు ఎదుగుదల పరీక్షల్లో మెరుగ్గా వచ్చింది ఈ రెండో వైపు పిల్లలు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ ఆన్ చేసి బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కే ఆయా కావాలా, "చందమామ రావే" అంటూ ముద్దలు పెట్టే నాయనమ్మ కావాలా? మాటలు తొందరగా రావాలని ఆవిడ వస పెడుతున్నారు కదా, మాటలు వచ్చేది ఆవిడ కబుర్లతోనే అని ఆవిడకి చెప్పు, సంతోషిస్తారు.

మోషన్ గట్టిపడటం తిండి మొదలెట్టినప్పుడు మామూలే. తిండితో పాటు కాచి చల్లార్చిన నీళ్ళు రెండు మూడు చెంచాలు, ఉడికించిన బొప్పాయో బేరిపండో మెదిపి పెట్టండి. కానీ తేనె నాకించారు కాబట్టి ఒక జాగ్రత్త, మలబద్ధకంతో పాటు ఏడుపు సన్నబడటం, కనురెప్పలు వాలిపోవడం, పాలు లాగలేకపోవడం, మెడ వదిలేయడం ఏది కనిపించినా రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్ళిపోండి. మలంలో రక్తం కనిపించినా అంతే.

ఇక ఉద్యోగం. ఒక దారి, ఉద్యోగం చేస్తూ ఆఫీసులో రెండుసార్లు పాలు పిండి తెచ్చుకోవడం, అలా చేస్తే పాలు తగ్గకుండా నిలబడతాయి. చట్టప్రకారం పాపకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు బ్రేకులు నీ హక్కు, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఆఫీసుకి క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కూడా ఉండాలి, హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడుగు. పిండిన పాలు బయట నాలుగు గంటలే, మన ఎండాకాలంలో ఇంకా తక్కువ, ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేస్తే నిశ్చింత. ఇది కష్టమైన దారి, పంపు కడుక్కోవడం, మీటింగ్ మధ్యలో లేవడం, అందరికీ కుదరదు. రెండో దారి, పగలు డబ్బాపాలు సరైన కొలతతో, పొద్దున రాత్రి నీ పాలు. పాలు కొంత తగ్గుతాయి, అయినా ఒంట్లో అలవాటు కుదురుకుని నెలల తరబడి సాగేవాళ్ళు చాలామంది ఉన్నారు, పాప ఎదుగుదలకి ఇది చాలు. మూడోది మానేయడం, లేదా జీతం లేని సెలవు. ఇంటి ఈఎంఐలో సగం నీ జీతమే అని రాశావు, అది ఆగితే ఆ ఒత్తిడి ఇంట్లో ఎవరి మీద పడుతుందో నీకే తెలుసు. పాపతో ఉండాలని నీ మనసుకి ఉంటే మానెయ్, ఆ కోరికకి ఇంకో కారణం అక్కర్లేదు. పేగు సరిచేయడానికి అయితే మాత్రం మానేయక్కర్లేదు, ఆ పని ఉద్యోగం చేస్తూ కూడా జరుగుతుంది.

రాత్రిళ్ళు ఏడుస్తున్నానని రాశావు. రెండు వారాలకి మించి అలాగే ఉంటే, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం ఉంటే, అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అయ్యుండొచ్చు, నీ గైనకాలజిస్ట్‌కి సిగ్గుపడకుండా చెప్పు, మందు ఉంది, పాలిస్తూ వాడుకోగలిగినవి కూడా ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాప బరువుల కార్డు తీసుకెళ్ళు, టెస్ట్ చేయిస్తే ఫెరిటిన్ ఎంత వచ్చిందో, సిరప్ ఏమన్నా మొదలెట్టారో నాకు మళ్ళీ రాయి, ఐరన్ సిరప్‌తో మోషన్ నల్లగా అవుతుంది, అది చూసి మీ అత్తగారు కంగారుపడకుండా ముందే చెప్పి పెట్టు.